విషపు వేరు - పశువుల తెగులు



నేను ముప్పదియైదేండ్లు పల్లెటూరి బడులలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. వైద్యుడను కాను. బాల్యమున మా తాతగారియొద్ద అమరమును, కావ్యములను చదువుకొంటిని. వారి భోషాణములోని వైద్యగ్రంథములను గూడ కొన్నింటిని తిరుగవేసితిని. అట్టి నేను నేడు పశువుల తెగుళ్లనుగూర్చియు, ఒక విదేశపు మొక్కనుగూర్చియు ఏల మాటలాడవలసివచ్చినదో ముందుగా విన్నవించుకొనవలయును. అందులో నా తప్పొకటి కలదు.

సుమారు ఇరువది యేండ్ల క్రిందట నేను పనిచేయుచున్న గ్రామమున గొఱ్ఱెలకు తెగులు వచ్చెను. జ్వరము, కండ్లనుండియు ముక్కులనుండియు నీరు కాఱుట, నోరు పుండ్లగుట, పిమ్మట విడువని పారుడు, ఇవి దాని లక్షణములు. కాపరులు దానిని పారుడు రోగమనిరి. వృద్ధుడైన కాపరి యొకడు నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, పెద్ద పొత్తాలు చదివినవారు తమరు. నా జీవాలకు ఏదన్నా ఆకో, బెరడో చెప్పండి” అని వేడుకొనెను. నేను తాతగారి గ్రంథము తెఱచి, అతిసారమునకు చెప్పిన బెరళ్లతో ఒక కషాయమును చెప్పితిని. అతని మందలో జబ్బుపడిన పండ్రెండింటిలో ఏడు బ్రదికెను. ఆ వార్త ఊరంతయు ప్రాకెను. నాకును లోలోపల గర్వము కలిగెను.

మఱుసటి యేడు పొరుగూరిలో ఆ రోగమునకు టీకాలు వేయుచున్నారని తెలిసెను. మా యూరి కాపరులు కొందఱు తమ మందలను తోలుకొనిపోయిరి. ఆ వృద్ధుడు మాత్రము పోలేదు. “మా అయ్యవారి కషాయముండగా సూదులెందుకు?” అనెనట. ఆ చలికాలమున తెగులు మరల వచ్చెను. అతని మంద అఱువది గొఱ్ఱెలు. అన్నింటికిని నా కషాయము త్రాగించెను. నలువదికి పైగా చచ్చెను. నేను సిగ్గుతో అతని యింటికి పోయితిని. అతడు నన్ను నిందింపలేదు. “మీ మందు మంచిదేనయ్యా. నా రాతే బాగులేదు” అనెను.

ఆ మాట నన్ను నేటికిని విడువలేదు. బ్రదికిన గొఱ్ఱెలను నా మందు బ్రదికించినదట! చచ్చిన గొఱ్ఱెలను అతని రాత చంపినదట! ఇట్టి లెక్కలో ఏ మందును ఎన్నడును ఓడిపోదు. ఓడిపోవుటకు వీలులేని మందు గెలిచినదని మాత్రము ఎట్లు చెప్పగలము? మందు ఓడిపోవుటకు గూడ చోటిచ్చి చూచుటయే పరీక్ష. ఈ సంగతి నాకు ఆలస్యముగా బోధపడినది. దానిని నాకు బోధించినది ఒక మొక్క చరిత్ర. నా పూర్వశిష్యుడొకడు పశువైద్యుడై, ఇటీవలి పరిశోధనల వ్రాతలను నాకు చదివి అర్థము చెప్పెను. ఆ చరిత్రనే నేడు మీతో ముచ్చటింప దలచితిని.

మధ్యధరా సముద్రమునకు చుట్టునున్న దేశములలో, అనగా ఇటలీ, గ్రీసు, స్పెయిను, అల్జీరియా, లిబియా మున్నగు చోట్ల, థాప్సియా యను మొక్కలు పెరుగును. వానిలో ముఖ్యమైనదానికి శాస్త్రజ్ఞులు థాప్సియా గార్గానికా అని పేరిడిరి. ఇది మన వంటయింటి జీలకఱ్ఱ, ధనియాలు, వాము, ఇంగువ మొక్కల కుటుంబములోనిదే. గొడుగులవలె విరియు పసుపుపచ్చని పూగుత్తులు, నేలలోనికి దిగు లావైన వేరు కలవు. చూపునకు సాధువైన మొక్క. కాని దాని వేరులోని పాలు ఒంటికి తగిలినచో బొబ్బలెక్కును. మన చాకలివారు బట్టలపై గుర్తులు పెట్టుటకు వాడు జీడిగింజల రసము చేయు పనిని మీరెఱుగుదురు. దీని పాలును అట్టిదే.

ఈ మొక్కనుగూర్చి వ్రాసిన ప్రాచీనులలో థియోఫ్రాస్టసు ఒకడు. ఆయన అరిస్టాటిలునకు శిష్యుడు, క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమునాటివాడు. మొక్కలనుగూర్చిన గ్రంథములో ఆయన చెప్పిన విశేషమొకటి పశువులు గలవారు వినదగినది. ఏథెన్సు నగరమున్న అట్టికా సీమలో పుట్టిపెరిగిన పశువులు ఈ మొక్కను ముట్టవనియు, వెలుపలినుండి తోలుకొని వచ్చిన పశువులు తెలియక మేసి విరేచనములు పట్టి చచ్చుననియు ఆయన వ్రాసెను. చూడుడు! పశువుల మందనుగూర్చి నేడు పరీక్షింపబడుచున్న పదార్థము, ఇరువదిమూడు శతాబ్దములకు పూర్వము పశువులను చంపు విషముగా గ్రంథస్థమైనది.

తరువాత క్రీస్తుశకము 1వ శతాబ్దమున డయాస్కోరిడెసు అను గ్రీకు వైద్యుడు దీని పేరు థాప్సోసు అను చోటునుండి వచ్చినదని చెప్పెను. దీని రసమును తీయువారు గాలికెదురుగా నిలువరాదనియు, నిలిచినచో ముఖము వాచి పొక్కులెక్కుననియు హెచ్చరించెను. అదే శతాబ్దమున రోమునగరపు ప్లినీ యొక వింత వ్రాసెను. నీరో చక్రవర్తి రాత్రివేళల వీథులలో తిరిగి కొట్లాటలాడి ముఖమునకు తగిలిన దెబ్బల గుర్తులను ఈ మొక్కను మైనముతోను సాంబ్రాణివంటి ధూపద్రవ్యముతోను కలిపి పూసికొని పోగొట్టుకొనుచుండెడివాడట.

19వ శతాబ్దమున ఫ్రెంచివారు అల్జీరియాను ఆక్రమించినపిమ్మట ఈ మొక్క మరల ప్రసిద్ధికెక్కెను. అచ్చటి ఎడారి ప్రయాణికులు దీనిని చూచి భయపడెడివారు. ఒంటెలు దీనిని మేసి చచ్చుచుండుటచే దీనికి మృత్యుక్యారెట్టు అని గూడ పేరు వచ్చెను. ఫ్రెంచి వైద్యులు దీని బంకను గుడ్డపై పూసి పట్టీలు చేసి, రొమ్ము పడిశమునకును కీళ్లవాతమునకును చర్మముపై అంటించెడివారు. 1937 నాటి ఫ్రెంచి ఔషధకోశములో గూడ ఈ బంకకు స్థానముండెను.

ఇట్లు రెండువేల యేండ్లకు పైగా ఒక మొక్క కీర్తియు భయమును కలసి నడచినవి. ఏ రోగికి మేలు కలిగినదో, ఏ రోగి పట్టీ లేకున్నను తనంతట తానే కోలుకొనెడివాడో విడదీసి చూచుటకు ఆ పాతకాలమున ఏర్పాటు లేకుండెను. నా కషాయమునకు గూడ అదే గతి. గ్రీకువైద్యులను నేను తక్కువచేయుటలేదు. మన పూర్వులును నాభి, జీడి, నేపాళము మున్నగు విషద్రవ్యములను పాలతోనో గోమూత్రముతోనో శుద్ధిచేసి, మితము చెప్పి వాడిరి. విషమును మందును వేఱుచేయునది మితమని వారెఱుగుదురు. కాని ఆ మితమును ప్రతి ద్రవ్యమునకును, ప్రతి రోగమునకును, ప్రతి జంతువునకును కొలిచి లెక్కగట్టు సాధనములు వారికి లేవు.

ఇక పశువుల తెగుళ్ల విషయమునకు వత్తము. గాలికుంటు, గొఱ్ఱెల పారుడు రోగము, కోళ్ల కొక్కెర తెగులు, ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లనే ఎద్దులు లేకుండ చేసిన పెద్ద జాడ్యము, ఇవి యన్నియు వైరసులవలన కలుగునవి. వైరసు తనంతట తాను పెరుగలేదు. జీవకణములో దూఱి, ఆ కణముయొక్క పనిముట్లతోనే తన సంతతిని చేయించుకొనును. పరుల యింట దూఱి, వారి పొయ్యిమీదనే, వారి బియ్యముతోనే వంట చేయించుకొను దొంగవంటిది. దొంగను కొట్టబోయినచో ఇంటికే దెబ్బ తగులును. అందుచేతనే వైరసులను చంపు మందును కనుగొనుట మిక్కిలి కష్టము.

ఈ కష్టమును తప్పించి మానవుడు గెలిచిన మార్గము టీకా. పెద్ద జాడ్యపు చరిత్రయే దీనికి నిదర్శనము. 1889లో పూనాలో స్థాపింపబడి, 1893లో హిమాలయపు కొండలలోని ముక్తేశ్వరమునకు మార్చబడిన పరిశోధనాలయము ఈ తెగులుతో పోరాడుటలో ప్రసిద్ధికెక్కెను. 1897లో జర్మనుదేశపు రాబర్టు కోకు అచ్చటికి వచ్చెను. 1920ల చివర అచ్చటనే ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు ఆ వైరసును మేకలలో మాటిమాటికిని పెంచి, పశువులకు దాని బలము తగ్గునట్లు చేసి టీకాకు దారి చూపెను. 1960 ప్రాంతమున ప్లౌరైటు అను పశువైద్యుడు కెన్యాలో అంతకంటె మేలైన టీకాను తయారుచేసెను. మనదేశములో 1995 తరువాత ఆ తెగులు కనబడలేదు. 2011లో భూమిమీదనే లేకుండ పోయినదని ప్రకటింపబడెను. మసూచికము తరువాత మానవుడు నిర్మూలించిన రెండవ తెగులు ఇది.

అట్లైన నింక మందెందుకని మీరడుగవచ్చును. ఒక్కొక్క టీకా సామాన్యముగా ఒక్కొక్క తెగులునకే పనిచేయును. క్రొత్త తెగులు వచ్చినప్పుడు టీకా సిద్ధముగా నుండదు. ముద్దచర్మ వ్యాధిని మీరెఱుగుదురు. ఒడలంతయు గడ్డలు లేచి పాడియావులు కూలిపోవు ఆ వ్యాధి 1929లో ఆఫ్రికాలో మొదట గుర్తింపబడినది. 2019లో ఒడిశాలో మనదేశమునకు వచ్చినట్లు తెలిసెను. 2022లో రాజస్థానము, గుజరాతు మొదలుగా ననేక రాష్ట్రములలో పశువులు చనిపోయెను. అప్పటికి చేతిలో నున్నది మేకల మసూచికమునకు చేసిన టీకాయే. ఆ రెండు వైరసులు దాయాదులగుటచే దానినే ఆవులకు వేసిరి. ఇట్టి సమయములలో, ఏ వైరసైనను సరే కొంతకాలము నిలువరింపగల మందొకటి యున్నచో టీకా వచ్చువఱకు మందలను కాపాడుకొనవచ్చునుగదా యని శాస్త్రజ్ఞుల యాశ. ఆ యాశయే వారిని థాప్సియా వేరువఱకు తీసికొనిపోయెను.

1978లో రాస్ముసెన్, క్రిస్టెన్సెన్, సాండ్‌బెర్గ్ అను ముగ్గురు స్కాండినేవియా పరిశోధకులు ఆ మొక్కనుండి ఒంటిని మండించు సారమును విడదీసి, దానికి థాప్సిగార్గిన్ అని పేరిడిరి. ఇది మొదటి మెట్టు. వేరు అనునది ఒక్క వస్తువు కాదు. నేలనుబట్టి, ఋతువునుబట్టి, మొక్క వయస్సునుబట్టి అందులోని సారము హెచ్చుతగ్గులగును. సారమును విడదీసినగాని తూచుటకు వీలులేదు. తూచినగాని మితమన్న మాటకు అర్థము లేదు.

రెండవ మెట్టు, అది యేమి చేయుచున్నదో తెలిసికొనుట. మన ప్రాణికణములలో కాల్షియమను ధాతువు మిక్కిలి జాగ్రత్తగా కొలిచి వాడబడుచుండును. మన యెముకలలో నున్నదియు, సున్నములో నున్నదియు ఆ ధాతువే. కణములోపల సన్నని పొరలతో నేర్పడిన తొట్టియొకటి కలదు. ఏతము నీటిని తోడినట్లు, ఒక సూక్ష్మయంత్రము కాల్షియమును ఎడతెగక ఆ తొట్టిలోనికి తోడుచుండును. థాప్సిగార్గిన్ ఆ ఏతమును బిగబట్టి నిలుపునని 1990లో థాస్ట్రుపును ఆయన తోడివారును నిరూపించిరి. తోడుట నిలువగానే తొట్టిలో కాల్షియము తఱిగిపోవును. ఆ తొట్టిలోనే కణమునకు కావలసిన మాంసకృత్తులు తీర్చిదిద్దబడును గనుక ఆ పని చెడును. ఏతము చిరకాలము నిలిచినచో కణము చచ్చును. విషపు గుట్టు ఇదియే.

కాని ఏతము కొంచెముగా, కొంతసేపు మాత్రమే నిలిచినచో? కణము చావదు. ఆపద వచ్చినదని గ్రహించి మేలుకొనును. రాత్రివేళ తలారి డప్పు కొట్టగా ఊరివారందఱు దీపములు వెలిగించి కఱ్ఱలు పట్టుకొని నిలుచుందురుగదా. అట్లే కణము తన రక్షణోపాయములను సిద్ధపఱచుకొనును. అందులో ఇంటర్‌ఫెరాను అనునది ముఖ్యము. 1957లో కనుగొనబడిన ఆ పదార్థము ఒక కణమునుండి వెలువడి పొరుగు కణములను గూడ హెచ్చరించును. అప్పుడు వచ్చిన దొంగ ఎవడైనను, ఏ యూరివాడైనను, వానికి ఇల్లు దొరకదు. ఒక్క మందు పలు వైరసులపై పనిచేయవచ్చునను తలంపునకు ఆధారమిదియే. మఱియు నిది వైరసును నేరుగా కొట్టదు గనుక, వైరసు వేషము మార్చి తప్పించుకొనుట కష్టమని వారి యభిప్రాయము.

మూడవ మెట్టు పరీక్ష. ఇక్కడ మన దేశపు పేరు వినవచ్చుచున్నది. హర్యానాలోని హిసారు పట్టణములో పశువుల సూక్ష్మజీవులను భద్రపఱచి పరిశోధించు జాతీయకేంద్రమొకటి కలదు. అచ్చటి శాస్త్రజ్ఞులు 2019లో తమ పరిశోధనను ప్రకటించిరి. వారెన్నుకొన్న తెగుళ్లు రెండు. ఒకటి గొఱ్ఱెల మేకల పారుడు రోగము. ఇది 1942లో పశ్చిమాఫ్రికాలోని ఐవరీకోస్టునందు మొదట వర్ణింపబడినది, 1987లో తమిళనాడులో మనదేశమున గుర్తింపబడినది. పెద్ద జాడ్యపు వైరసునకు ఇది దాయాది. రెండవది కోళ్ల కొక్కెర తెగులు. దీనినే కుమావూను కొండలలోని ఊరి పేరుతో రాణిఖేతు వ్యాధి యందురు.

ఈ పరీక్ష జరిగిన విధము వినినప్పుడు నాకు కన్నులు తెఱపిడి పడినవి. వారు గాజుపాత్రలలో కోతి మూత్రపిండపు కణములను పెంచి, ముందుగా వైరసు లేకుండ మందు మాత్రమే యిచ్చిరి. ఎంత మోతాదువఱకు కణములు చెడకుండునో తేల్చుకొనిరి. ఆ మోతాదు మీఱకుండ కొన్ని పాత్రలకు మందిచ్చి, కొన్నింటికి ఇయ్యక, అన్నింటిలోను వైరసును వేసిరి. మందు లేని పాత్రలలో వైరసు పెరిగెను. మందున్న పాత్రలలో మిక్కిలి తగ్గెను. అంతటితో తృప్తిపడలేదు. ఇది ఏతమును నిలుపుటచేతనే జరిగినదా, మఱియొక కారణముచేతనా యని సందేహించిరి. కణములలో ఆ ఏతములను ఎక్కువగా పుట్టునట్లు చేసి మరల మందిచ్చిరి. వైరసు తిరిగి తలయెత్తెను. అనగా తమ మందును తామే ఓడింపజూచి, అది ఏ చోట గెలుచునో, ఏ చోట ఓడునో రెండును తెలిసికొనిరి.

తరువాత ఇంగ్లండులోని నాటింగుహాము విశ్వవిద్యాలయపు పశువైద్య కళాశాలలో కిన్ చౌ చాంగు అను ఆచార్యుని బృందము 2020లోను 2021లోను మఱికొన్ని పరీక్షల ఫలితములను వెల్లడించెను. పంది శ్వాసనాళపు కణములను, మనుష్యుల కణములను తీసికొని విషముకాని స్వల్పమైన మోతాదును అరగంటసేపు మాత్రమే తగులనిచ్చి, మందును కడిగివేసిరి. పిమ్మట ఇన్‌ఫ్లుయెంజా వైరసు ఆ కణములలో పెరుగలేకపోయెను. కరోనా వైరసు, శ్వాసకోశములకు పట్టు మఱియొక వైరసు గూడ మనుష్యుల కణములలో అట్లే అణగిపోయెను. ఆ రక్షణ కనీసము 48 గంటలు నిలిచెను. ఎలుకలకు చావుతెచ్చునంతటి ఇన్‌ఫ్లుయెంజాను అంటించి, నోటిద్వారా ఈ మందునిచ్చి చూడగా, మందు పొందిన యెలుకలకు రక్షణ కలిగెను. కడుపులోని పులుసునకు ఈ పదార్థము చెడదు గనుక నోటితో నిచ్చుటకు వీలుకలిగినది.

ఇంతవఱకు విని, “అయ్యవారూ, ఆ వేరు ఎక్కడ దొరకును?” అని మీలో నెవరైన అడుగవచ్చును. నా కాపరియే యుండిన అదే యడిగియుండును. అందుచే గట్టిగా చెప్పుచున్నాను: దానిని వెదకవలదు. ఈ మొక్క మన నేలలో పెరుగునది కాదు. పెరిగినను దాని వేరును నూఱి గొఱ్ఱెకు పోసినచో, అట్టికా సీమకు తోలుకొని వచ్చిన పశువులకు పట్టిన గతియే పట్టును. పరీక్షలో వాడినది వేరు కాదు, దానినుండి విడదీసిన సారము. అదియును అత్యల్పమైన, ఖచ్చితముగా కొలిచిన మోతాదు. విషమునకును మందునకును నడుమనున్న గట్టు అంత సన్నము.

మఱియు గాజుపాత్రలోని కణము గొఱ్ఱె కాదు. ఎలుక యెద్దు కాదు. గొఱ్ఱె నాలుగు పొట్టలలో పడిన మందు ఎలుక పొట్టలో పడినట్లు నడువదు. పాడిపశువునకిచ్చిన మందు పాలలోనికి దిగునా, ఎన్నినాళ్లు నిలుచును, చూడిపశువులోని పిండమునకు హాని కలుగునా, పేదకాపరి కొనగల వెలకు వచ్చునా, ఇవి యన్నియు నడుగవలసిన ప్రశ్నలే. ప్రతి ప్రశ్నకును ఒక్కొక్క పరీక్ష కావలయును. థాప్సిగార్గిన్ నేడు గొఱ్ఱెకు గాని ఎద్దునకు గాని వైద్యశాలలో నిచ్చు మందు కాదు. అది బడిలో చేరి రెండు మూడు తరగతులు దాటిన పిల్లవానివంటిది. ఇంకను పెద్ద పరీక్షలు ముందున్నవి. తప్పవచ్చును, నెగ్గవచ్చును. తప్పినను ఆ శ్రమ వ్యర్థము కాదు. కణమును మేలుకొలిపి పలు వైరసులను నిలువరింపవచ్చునను దారి తెలిసినది గనుక, విషము తక్కువగల మఱియొక పదార్థముతో ఆ దారిని నడువవచ్చును.

పెద్దలారా, మన చెట్లకు గుణములు లేవని నేను చెప్పుటలేదు. నా తాతగారి గ్రంథములపై నాకు గౌరవము తగ్గలేదు. ఒక్కటి మాత్రము మాఱినది. గ్రంథములో నున్నది గనుక నిజమని పూర్వము తలచితిని. గ్రంథములో నున్నది గనుక పరీక్షింపదగినదని నేడు తలచుచున్నాను. మా యూరిలో నా కషాయమును నేనే పరీక్షించియుండవచ్చును. జబ్బుపడిన పండ్రెండింటిలో ఏడు బ్రదికినప్పుడు, కషాయము పోయని పొరుగు మందలో ఎన్ని జబ్బుపడినవి, ఎన్ని బ్రదికినవని ఒక్కమాట అడిగిన చాలును. ఆ పొరుగు మంద మా బడికి ఫర్లాంగు దూరములోనే యుండెను. నేనడుగలేదు. పొగడ్త విన్న చెవికి ఆ ప్రశ్న తోచలేదు.

కావున మీకు నా మనవి రెండు మాటలు. మీ యూరికి పారుడు రోగపు టీకా వచ్చినప్పుడు ఏ ఆకు పసరును నమ్ముకొనియు దానిని మానవలదు. ఒక్క టీకా కొన్ని యేండ్లపాటు గొఱ్ఱెను కాపాడును. ఆ తెగులును 2030 నాటికి లోకమునుండియే తొలగింపవలయునని అంతర్జాతీయ సంస్థలు సంకల్పించినవి. పెద్ద జాడ్యము పోయిన దారినే ఇదియు పోవలెనన్న ప్రతి మందయు టీకాకు రావలయును. రెండవది, మీ యూరిలో వాడుకలోనున్న చెట్టుమందుల నెవరైన ఇచ్చునప్పుడు ఒక పుస్తకములో వ్రాయుడు. ఎన్ని జీవములకు ఇచ్చితిరి, ఎన్నింటికి ఇయ్యలేదు, ఇచ్చినవానిలో ఎన్ని చచ్చినవి, ఇయ్యనివానిలో ఎన్ని చచ్చినవి. బ్రదికినవానిని మాత్రమే కాక చచ్చినవానిని గూడ తప్పక వ్రాయుడు. ఆ పుస్తకమును మీ పశువైద్యునికి చూపుడు. మన చెట్లలో నిజమైన గుణమున్నచో ఆ లెక్కయే దానిని పైకి తెచ్చును.

ఈ ప్రసంగము సిద్ధముచేయుటకు ముందు నేను ఆ గ్రామమునకు పోయితిని. వృద్ధుడు కాలముచేసెను. అతని కుమారుడు మందను మేపుచున్నాడు. వానిని కూర్చుండబెట్టి, “నాయనా, మీ నాయన గొఱ్ఱెలు అతని రాతచే చావలేదు. నేను తెలియక చెప్పిన మాటను నమ్మి టీకాకు పోలేదు గనుక చచ్చినవి. ఆ తప్పు నాది” అని చెప్పితిని. వాడు కొంతసేపు నేలచూపు చూచి, “ఆ మాట మా నాయన ఉన్నప్పుడు చెప్పుంటే బాగుండేదయ్యా. పోయేదాకా తన రాతనే తిట్టుకున్నాడు” అనెను.

నాయొద్ద దానికి ప్రత్యుత్తరము లేకపోయెను. మాలో వయసు మీఱినవారు, ఊరివారు నమ్మి వినువారు, తమ మాట తప్పినప్పుడు ఆలస్యము చేయక చెప్పవలయునని మాత్రము ఆనాడు గ్రహించితిని. అందుకే ఈ ముచ్చటను మీ ముందుంచితిని.